బోరులోకి తొంగిచూసే కన్ను

బాలలారా! మన పల్నాటి పల్లెల్లో "బోరు" అన్న మాట తెలియనివారు ఉండరు. అయితే తుపాకి గొట్టం లోపలి రంధ్రాన్ని కూడా ఇంగ్లీషులో బోరు అనే అంటారని మీలో ఎందరికి తెలుసు? ఎడ్లపాడు పొలాల్లో బోరు ఎండితే, లోపల పైపు పగిలిందో, మోటారు చిక్కుకున్నదో చూడటానికి తాడు కట్టి కెమెరా దించుతారు గదా! అటువంటిదే, పెన్సిలుకంటె సన్ననిది, తుపాకి గొట్టంలోకి పోయే కెమెరా ఒకటి ఉన్నది. దాని పేరు బోరోస్కోపు.

తుపాకి గొట్టంలో చూడవలసినది ఏమున్నది అంటారా? చాలా ఉన్నది. రైఫిలు గొట్టం లోపల నున్నగా ఉండదు. మరమేకు చుట్లలాగా మెలితిరిగిన గాడులు ఉంటాయి. గుండు వాటిని ఒరుసుకుంటూ పోయి, గిర్రున తిరుగుతూ బయటపడుతుంది. తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడ్డట్టే, తిరిగే గుండు పల్టీలు కొట్టకుండా తిన్నగా పోతుంది. రైఫిలు అన్న పేరు ఈ గాడులనుబట్టి వచ్చినదే. ఎన్.సి.సి. పిల్లలచేత కాల్పించే .22 రైఫిలులో ఒక్కొక్క గాడి లోతు సుమారు 0.06 మిల్లీమీటరు. అంటే ఇంచుమించు మీ తలవెంట్రుక మందం! ఇంత చిన్న గాడిని నమ్ముకునే పోటీలలో 50 మీటర్ల అవతలి గురిని కొడతారు.

ఆ గాడులలో గుండు తాలూకు సీసం పొరలాగా అంటుకోవచ్చు. తుప్పు తినవచ్చు. తుడిచేటప్పుడు గుడ్డపీలిక తెగి లోపలే ఉండిపోవచ్చు. వాడకుండా మూలన పడి ఉన్న గొట్టమైతే కందిరీగ మట్టిగూడు కట్టినా ఆశ్చర్యం లేదు. మందు మండగా పుట్టిన వాయువు వెనుకనుంచి గుండును తోస్తున్నప్పుడు, ముందు ఏదైనా అడ్డు ఉన్నదనుకోండి. గొట్టం ఉబ్బుతుంది, ఒక్కొక్కప్పుడు పగిలిపోతుంది. పేల్చేవాని ముఖమూ చేతులూ దానికి ఎంత దగ్గరగా ఉంటాయో ఆలోచించండి.

పూర్వం గొట్టం వెనుకనుండే బోల్టు తీసివేసి, అక్కడ చిన్న అద్దం పెట్టి, దానిమీద వెలుగు పడేటట్టు చేసి చూసేవారు. చివరలు కనబడేవిగాని నడుమ భాగం సరిగా ఆనేది కాదు. తరువాత కటకాలు, బుల్లి దీపం అమర్చిన పొడుగు గొట్టాలు వచ్చినవి. అవి చాలా ఖరీదు. మొబైలు ఫోనులకోసం గోరంత కెమెరాలు కోట్లకొద్దీ తయారు కావడంతో ధర దిగింది. ఇప్పుడు వెయ్యి, రెండు వేల రూపాయలలో కూడా ఫోనుకు తగిలించుకునే సన్నని కెమెరా దొరుకుతున్నది.

కాని కొనేవారికి లెక్క రావాలి. చౌకరకం కెమెరా తల తరచుగా 5.5 మిల్లీమీటర్లు ఉంటుంది. .22 రైఫిలు రంధ్రం కూడా సుమారు 5.5 మిల్లీమీటర్లే! దూరదు, బలవంతాన దూర్చితే ఇరుక్కుంటుంది. దానికి 4 లేక 5 మిల్లీమీటర్లది కావాలి. పాతకాలపు .303 రైఫిలుకైతే చిక్కులేదు, దాని రంధ్రం 7.7 మిల్లీమీటర్లు. ఇంకొక సంగతి. కెమెరా ముందుకే చూస్తే సొరంగంలో రైలు డ్రైవరుకు కనబడినట్టు కనబడుతుంది, పక్కగోడ తెలియదు. అందుకని కొన తరువాత చిన్న అద్దం ఏటవాలుగా అమర్చుతారు.

మొన్న మా వీధి కుర్రవాడొకడు ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు. "మాస్టారూ, మా క్యాంపు రైఫిలు పాడైపోయిందండీ! లోపలంతా కాలవలే!" అన్నాడు. బొమ్మ చూస్తే నిజంగా భయం వేసేటట్టే ఉన్నది.

"గోడ ఎంత మేర ఇందులో పడిందిరా?" అని అడిగాను.

"5 మిల్లీమీటర్లండి."

"తెర పొడవు?"

కొలిచి, "100 మిల్లీమీటర్లు," అన్నాడు.

అంటే 20 రెట్లు! సెంటీమీటరు వెడల్పున కనిపించిన కాలవ, నిజానికి అర మిల్లీమీటరు గీత. కొత్త గొట్టంలో కూడా తయారుచేసిన పనిముట్ల గీతలు ఉంటాయి. "మరి గుండ్లు ఎక్కడ పడుతున్నాయి?" అంటే, అయిదూ ఒక్కచోటే పడ్డాయన్నాడు. అట్లా పడినప్పుడు గీతలకు బెదరి గొట్టం పారవేయడం తెలివితక్కువ. అడ్డు, పగులు, లోతైన తుప్పుగుంట కనబడితే మాత్రం, ఆయుధాలు బాగుచేసే నిపుణుడు చూసేదాకా ఒక్క గుండు కూడా పేల్చరాదు.

ఈ పరీక్ష శిక్షకులు చేయవలసినది. వారు గుండ్లు తీసి, బోల్టు ఊడదీసి, వెనుకవైపునుంచే కెమెరా పంపుతారు. తుపాకి మూతిలో కన్నుపెట్టి చూసే పని మీరు ఎన్నడూ చేయకండి, ఖాళీ అని ఎవరు చెప్పినా సరే.

మీరు చేయదగినది ఇది. పాత కేలండరు అట్టను గొట్టంలాగా చుట్టండి. లోపలి గోడకు "క" అని రాసిన చీటీ అంటించండి. మెరిసే రేకుకాగితం అతికించిన అట్టముక్కను పుల్లకు ఏటవాలుగా కట్టి లోపలికి పోనిచ్చి, టార్చి వేసి చూడండి. అక్షరం ఎటు తిరిగి కనబడిందో, ఎందుకట్లా కనబడిందో నాకు రాయండి.