భూమికంటే ముందు పుట్టినవాడు

తెలంగాణ పల్లెల్లో చిందు మేళాలు ఆడే జాంబపురాణం, మనిషిని ఊరి బయట ఉంచిన కట్టుబాటును నిలదీసే నాటకం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఉన్న పాత కరీంనగర్ జిల్లా ఈ చిందు భాగోత కళకు పుట్టిళ్లలో ఒకటి. చిందువాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. ఏ ఊళ్లు ఏ కుటుంబానివో తరతరాల మిరాశి హక్కు చెబుతుంది. మేళం తన వంతు ఊరికి వచ్చి మాదిగవాడలో దిగుతుంది, రాత్రుళ్లు భాగోతం ఆడుతుంది, వాడ త్యాగం పేరుతో ఇచ్చే ప్రతిఫలం తీసుకుని తర్వాతి ఊరికి సాగిపోతుంది. మేళమంటే సాధారణంగా ఒక కుటుంబమే. ఆడవాళ్లు కూడా గజ్జె కట్టి వేషం వేస్తారు. ముఖానికి అర్దళం రంగు, తలకు తేలికైన పొనికి చెక్కతో చేసిన కిరీటం, భుజాలకు భుజకీర్తులు, వెనుక మద్దెల, తాళాలు, హార్మోనియం. సారంగధర, చెంచులక్ష్మి, అల్లీరాణి వంటి ఆటలు కూడా వీళ్లు ఆడతారు గానీ, జాంబపురాణం మాత్రం వాడ తన కులపురాణంగా అడిగి ఆడించుకునేది.

ఈ ఆటకు ప్రాణం వాదం. ఒక పక్క మాదిగలు తమ మూలపురుషుడిగా చెప్పుకునే జాంబవంతుడు, ఇంకో పక్క బ్రాహ్మణుడు. నువ్వెవరు, నీ పుట్టుకేమిటి, నిన్ను తాకితే మైల కాదా అని బ్రాహ్మణుడు అడుగుతాడు. జాంబవంతుడు సృష్టి కథనే సాక్ష్యంగా తెస్తాడు. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే పుట్టినవాణ్ని తానని, ఆదిశక్తినీ త్రిమూర్తులనూ ఎరిగినవాణ్నని చెబుతాడు. అందరికంటే పెద్దవాడు అంటరానివాడెలా అవుతాడన్నది అతని ప్రశ్న. పగలంతా ఎడంగా నిలబడి మాట్లాడాల్సి వచ్చిన మనుషులు, రాత్రి ఆటలో తమ పూర్వీకుడు ఎదురు నిలిచి జవాబు అడగడం చూస్తారు. ఈ నాటకం సత్తా అక్కడుంది.

అంత పెద్దవాడి సంతతి ఊరి చివరికి ఎలా చేరిందో కామధేనువు కథ చెబుతుంది. దీనికి పాఠాంతరాలు చాలా ఉన్నాయి. ఒక పాఠంలో ఆ ఆవు మాంసం మీద దేవతలకే మనసవుతుంది. కోసి వండే పని మాత్రం జాంబవంతుడి వాళ్ల మీద పడుతుంది. కుండలోంచి ఒక ముక్క కింద పడితే వండేవాడు దుమ్ము ఊది మళ్లీ కుండలో వేస్తాడు. ఆ ఎంగిలికి దేవతలు శపిస్తారు. కోరిక పైవాళ్లది, శిక్ష పనిచేసినవాళ్లది. వెట్టి చేసి, చచ్చిన పశువును ఎత్తి, చెప్పులు కుట్టి ఇచ్చి, అదే పనికి అంటరానితనాన్ని మోసిన జీవితమంతా ఆ ఒక్క ఘట్టంలో ఉంది. ఈ కథకు ఒక పరిమితి కూడా ఉంది. అంటరానితనానికి శాపమే కారణమని ఒప్పుకోవడం, మాల మాదిగల మధ్య ఎచ్చుతగ్గులను నిలబెట్టడం ఈ పురాణం దాటలేని గీతలు. ఆ గీతలను కూడా చూపిస్తూ చదివినప్పుడే దాని ధైర్యం సరిగ్గా అర్థమవుతుంది.

ప్రపంచ రంగస్థలం మీద, మనుషులను వేరు పెట్టడాన్ని నిలదీసే ఇలాంటి నాటకాల్లో పేరుమోసింది దక్షిణాఫ్రికా నాటకం ‘సిజ్వే బాన్సీ ఈజ్ డెడ్’. అథోల్ ఫ్యూగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ న్‌ట్షోనా కలిసి అల్లిన ఈ నాటకం 1972 అక్టోబరులో కేప్‌టౌన్‌లోని స్పేస్ థియేటర్‌లో మొదటిసారి ఆడింది. నల్లవాడు ఎక్కడ ఉండాలో, ఎక్కడ పని చేయాలో అతని పాస్ పుస్తకం నిర్ణయించే కాలమది. పట్టణంలో ఉండే అనుమతి లేని సిజ్వే, చనిపోయిన మనిషి పాస్ పుస్తకం తీసుకుని ఆ పేరుతో బతకడానికి సిద్ధపడతాడు. ఇందులో నటించిన జాన్ కానీ, విన్‌స్టన్ న్‌ట్షోనాలకు కలిపి 1975లో టోనీ అవార్డు వచ్చింది. అదే దేశంలో 1860 నుంచి చెరకు తోటల కూలికి వెళ్లిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వాళ్ల సంతతిని కూడా జాతుల వారీగా గీసిన పేటలకు తరలించింది.

అక్కడ వేరు పెట్టింది చట్టం కాబట్టి నాటకం పాస్ పుస్తకాన్ని పట్టుకుంది. ఇక్కడ వేరు పెట్టింది కర్మ, పుట్టుక అనే కథలు కాబట్టి జాంబపురాణం ఎదురు కథ చెప్పింది. ఇంకో తేడా చూసేవాళ్లలో ఉంది. స్పేస్ థియేటర్ జాతి నిబంధనలను లెక్కచేయకుండా నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ ఒకే హాల్లో కూర్చోబెట్టింది. జాంబపురాణంలో బ్రాహ్మణ వేషం కట్టేది చిందు కళాకారుడే, వినేది మాదిగవాడ జనమే. జవాబు చెప్పాల్సిన ఊరు ఆ వాదాన్ని ఎదురుగా కూర్చుని విన్నది తక్కువ.

మన దగ్గర చట్టం తన పని తాను చేసింది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో, 1989లో శిక్షా చట్టాలు వచ్చాయి. జగిత్యాల, సిరిసిల్ల పల్లెలు తమ వంతుగా లేచాయి. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో కూలీలు జరిపిన జైత్రయాత్ర నాటికి ఇక్కడి కూలీలు, వృత్తి కులాలు దొరల ఇళ్లకు పనులు ఆపి సాంఘిక బహిష్కరణను దొరల మీదికే తిప్పారు. అక్టోబరులో ప్రభుత్వం ఈ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ పోరాటం భూమి, కూలి, వెట్టి ప్రశ్నలను ఊరి నడుమకు తెచ్చింది. పుట్టుక మీద జాంబవంతుడి ప్రశ్న మాత్రం వాడలోనే ఉండిపోయింది.

నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ ఈ కళకు పేరు తెచ్చారు. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ దక్కింది. కళాకారులను సన్మానిస్తే సరిపోదు, వాళ్ల ఆటలోని మాటను వినాలి. ఊరేగింపుల్లో నాలుగు అడుగులు వేయించి పంపడం చిందుకు గౌరవం కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల సభా వేదికల మీద జాంబపురాణాన్ని పూర్తిగా ఆడించాలి. మేళాలకు కూలి గిట్టేలా పారితోషికం ఇవ్వాలి. పెద్దల నోట ఉన్న పాఠాంతరాలను రికార్డు చేయాలి. కళాశాలల్లో తెలుగు నాటక చరిత్ర చెప్పేటప్పుడు దీన్ని జానపద అనుబంధంగా కాక, కులాన్ని ఎదుర్కొన్న రాజకీయ నాటకంగా పాఠం చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అన్ని కులాలవాళ్లూ పక్కపక్కన కూర్చుని ఆ వాదం చివరిదాకా వినాలి.