వచ్చిన రీడింగే రాద్దాం

ముందుగా ఓ తప్పు ఒప్పుకుంటాను. మొదటి సంవత్సరం ఫిజిక్సు ప్రాక్టికల్సులో కిరోసిను సాంద్రత కనుక్కోమన్నారు. ఖాళీ సీసా 20.10 గ్రాములు తూగింది. నీళ్లు నింపితే 45.05, కిరోసిను నింపితే 40.55. కిరోసిను బరువుని నీళ్ల బరువుతో భాగిస్తే 0.82 వచ్చింది. సీసా కడిగి, ఆరబెట్టి మళ్లీ తూచాను. అంతే వచ్చింది. సీనియరు రికార్డు చూస్తే అందులో 0.80 ఉంది. "ఎందుకొచ్చిన గొడవరా, వెనకనించి లెక్క కట్టెయ్" అన్నాడు పక్కవాడు. కట్టాను. 40.55 కాస్తా 40.06 అయింది. జవాబు చక్కగా 0.80. రికార్డులో ఎర్రసిరాతో "గుడ్" పడింది.

ఆ "గుడ్" చూసినప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తాడు. ఆయన ఏడో తరగతి దాటలేదు. సాంద్రత అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. కానీ ఏటా తొలకరికి గోలెంలో నీళ్లు పోసి, అందులో తాజా కోడిగుడ్డు వేస్తాడు. గుడ్డు మునుగుతుంది. ఉప్పు వేసి కలుపుతూ పోతాడు. గుడ్డు పైకి తేలి, రూపాయి బిళ్లంత మేర బయటికి కనబడగానే ఉప్పు ఆపేస్తాడు. అప్పుడు విత్తనపు వడ్లు పోస్తాడు. తాలు గింజలు తేలతాయి, గట్టి గింజ అడుక్కి పోతుంది. తేలినవి తీసేసి, మిగిలినవాటిని మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి మండె కడతాడు. ఉప్పు మిగిలితే మొలక చెడుతుంది మరి.

ఓ ఏడు గంపెడు గింజలు తేలాయి. డబ్బు పోసి కొన్న విత్తనం! అమ్మ లబోదిబోమంది. అయినా నాన్న తేలిన గింజల్ని మళ్లీ గోలెంలోకి తొయ్యలేదు. నేను లేబ్‌లో చేసింది సరిగ్గా ఆ తొయ్యడమే.

"రెండు పాయింట్ల తేడాకి ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. ఇంగ్లండులో రేలీ అనే శాస్త్రవేత్త నైట్రోజన్ సాంద్రత కొలిచాడు. గాలినించి తీసిన నైట్రోజన్, రసాయనాలనించి తీసినదానికన్నా సుమారు అరశాతం బరువు తూగింది. ఆయన దాన్ని దిద్దెయ్యలేదు. కారణం తోస్తే చెప్పండంటూ 1892లో 'నేచర్' పత్రికకి ఉత్తరం రాశాడు. రామ్సేతో కలిసి వెతగ్గా వెతగ్గా 1894లో ఆర్గాన్ బయటపడింది. మనం పీల్చే గాలిలో ఇంచుమించు నూటికో వంతు ఉన్న వాయువు అన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు! 1904లో ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి. రేలీ మా బ్యాచిలో ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ఆ మాటకొస్తే కిరోసిను ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. సరుకుని బట్టీ, ఉష్ణోగ్రతని బట్టీ దాని సాంద్రత మారుతుంది. నా 0.82 తప్పో ఒప్పో ఎలా తెలుస్తుంది? తెలుసుకునే దారిని నేనే మూసేశాను.

తప్పంతా విద్యార్థులదేననీ అనను, లెక్చరర్లదేననీ అనను. ముప్పైమందికి సరిగ్గా పనిచేసే త్రాసులు రెండు. ఉన్నది రెండు గంటలు. పబ్లిక్ పరీక్షలో పుస్తకం విలువ వస్తేనే మార్కులు. అలాంటప్పుడు కుర్రవాడు పెన్సిలుతో రాసి రబ్బరుతో చెరపక ఏం చేస్తాడు?

అంచేత నాకు తోచింది చెబుతాను. జవాబు అందరికీ తెలిసిన ద్రవం ఇవ్వొద్దు. ఒక్కొక్కరికీ ఒక్కో పాళ్లలో ఉప్పునీళ్లు కలిపి ఇవ్వండి, పాళ్లు మాత్రం చెప్పకండి. అప్పుడు సీనియరు రికార్డు ఎందుకూ పనికిరాదు. ఖర్చు గుప్పెడు ఉప్పు. మార్కులు జవాబుకి కాక, ఎలా తూచాడు, ఎన్నిసార్లు తూచాడు, పొరపాటు ఎక్కడ జరగొచ్చో గుర్తించాడా అన్నదానికి వెయ్యండి. రీడింగులు సిరాతోనే రాయించండి.

నాన్న నారుమడికి ఏ ఎగ్జామినరూ రాడు. తాలు విత్తితే మొలక ఎలాగూ చెప్పేస్తుంది. రేపు మనలో కొందరు మందుల కంపెనీల్లో, భూసార పరీక్షా కేంద్రాల్లో కొలతలు తీస్తారు. ఆ కొలతల్ని నమ్మి మందు మింగేవాళ్లూ, ఎరువు చల్లేవాళ్లూ ఉంటారు. వాళ్ల కోసమైనా ఇప్పట్నించే వచ్చిన రీడింగు వచ్చినట్టే రాద్దాం.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి