సామ్ కుక్ గానము, ఆత్మగౌరవము

అమెరికాలో సోల్ సంగీతమునకు బాట తీర్చిన సామ్ కుక్‌ను స్మరించువారు సాధారణముగా ఆయన కంఠమాధుర్యమును కొనియాడి అంతటితో విరమింతురు. ఆ మాధుర్యము అసామాన్యమే. కాని దాని వెనుక నిలిచిన ఆత్మగౌరవమును గుర్తింపనిచో ఆయన ఘనత మనకు సగమే తెలియును.

1931లో మిసిసిపీ రాష్ట్రమందలి క్లార్క్స్‌డేల్ పట్టణమున ఒక క్రైస్తవ మతబోధకుని యింట జన్మించి, పసితనముననే షికాగో చేరి, తోబుట్టువులతో చర్చిలో పాడుచు పెరిగిన యీ నల్లజాతి గాయకుడు, ఇరువది యేండ్ల ప్రాయమునకే 'సోల్ స్టిరర్స్' అను సుప్రసిద్ధ భక్తిగాన బృందమునకు ముఖ్యగాయకుడయ్యెను. దైవస్తుతి చేసిన నోట ప్రణయగీతము పలుకుట అపచారమని తలచు శ్రోతలకు వెఱచి తొలి లౌకికగీతమును మాఱుపేరుతో వెలువరించినను, 1957లో 'యూ సెండ్ మీ' పాటను తన పేరనే పాడి దేశమున ప్రథమస్థానము నందుకొనెను. కేక వేయక, కంఠమును బిగింపక, ఒక్క అక్షరమును పలు స్వరములమీదుగా జాఱవిడుచు ఆ చర్చిగానపు నేర్పే ఆయన ప్రేమగీతములకు ఆర్తి నొసగెను; ఓటిస్ రెడ్డింగ్, అరీతా ఫ్రాంక్లిన్ వంటివారు ఆ మార్గమున నడచినవారే.

పాడినవానికి కీర్తియు, పాటపై హక్కు మఱియొకరికిని దక్కుచుండిన ఆ దినములలో, ఆయన జె. డబ్ల్యు. అలెగ్జాండర్‌తో కలసి తన గీతముల ప్రచురణహక్కులను సొంత సంస్థయందే నిలుపుకొనుటయేగాక, 'సార్ రికార్డ్స్'ను నెలకొల్పి బాబీ వొమాక్, జానీ టేలర్ వంటి యువగాయకులకు ఆశ్రయమిచ్చెను. 1961లో మెంఫిస్ నగరమున శ్రోతలను వర్ణమునుబట్టి వేఱుగా కూర్చుండబెట్టుదురని తెలిసి, కచేరీ చేయుటకే నిరాకరించెను.

1963 అక్టోబరులో లూయిజియానా రాష్ట్రమందలి శ్రీవ్‌పోర్ట్‌లో, ముందుగా ఏర్పఱచుకొన్న బసను సైతము నల్లవాడగుటచే ఒక హోటలువారు ఈయకుండిరి. ఎదిరించినందులకు పోలీసులు ఆయనను నిర్బంధించిరి. ఆ అవమానమును, తెల్లజాతి యువకుడైన బాబ్ డిలన్ నిరసనగీతమును విన్నప్పుడు అట్టి పాట తనవారినుండి రావలసియుండెనని కలిగిన వేదనయు కలసి, 'ఎ ఛేంజ్ ఈజ్ గాన్న కమ్' అను గీతముగా రూపొందెను. 1964 జనవరిలో రికార్డు చేసిన ఆ పాట విడి రికార్డుగా వెలువడునప్పటికి ఆయన జీవించి లేడు. డిసెంబరు 11న లాస్ ఏంజెలిస్‌లోని ఒక మోటెల్‌లో తుపాకి దెబ్బకు 33 ఏండ్ల ప్రాయమున మరణించెను.

పౌరహక్కుల ఉద్యమము ఆ గీతమును తన గీతముగా స్వీకరించినది. కాని ఆ విడి రికార్డునుండి, నల్లవారికి ఊరి నడుమ తిరుగు స్వేచ్ఛయైనను లేదని సూటిగా చెప్పు చరణమును తొలగించిరి. సామ్ కుక్‌ను మధురగాయకుడని మాత్రము పొగడుట ఆ చరణమును మఱల తొలగించుటయే యగును. కావున పాఠకులు ఆ గీతమును 'ఎయింట్ దట్ గుడ్ న్యూస్' ఆల్బమునందలి సంపూర్ణరూపమున వినవలయునని నా మనవి.