యంత్రము మనది, పెత్తన మెవరిది?

పాత వస్తువు చెడినచో క్రొత్తది కొనుట లోకసహజము. చెడకయే కొనవలసివచ్చుట యీ కాలపు వింత. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు సాధారణ భద్రతా సవరణలు నిలిచిపోయినవి. పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు 2026 అక్టోబరు 13 వరకు గడువు మాత్ర మొసగబడినది. తరువాతిదగు విండోస్ 11 కావలెనన్నచో యంత్రమున టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా సాధనమును, కంపెనీవారి పట్టికలో చేరిన ప్రాసెసరును ఉండవలెను. 2016 ప్రాంతమున కొనిన యంత్రములలో పెక్కింటికి ఆ యర్హత లేదు. ఎల్.బి. నగర్‌లోని రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములలో పదేండ్లుగా నాకు తోడైన లాప్‌టాప్ అట్టిదే. దాని మీటలు అరుగలేదు, తెర మసకబారలేదు. అయినను దానికి వార్ధక్యము విధింపబడినది.

కావున క్రొత్తది కొనుటకై దిల్‌సుఖ్‌నగర్‌లో నొక దుకాణమునకు పోయితిని. “ఈ యంత్రమునే విండోస్ లేకుండ నిత్తురా? ధర యెంత తగ్గును?” అని యడిగితిని. వర్తకుడు మర్యాదస్తుడే. “వకీలుగారూ, అది లోపలనే వచ్చును. దానికి వేరుగా ధర లేదు, తీసివేసినను తగ్గదు” అనెను. నా ప్రక్కనే నల్లగొండ జిల్లానుండి వచ్చిన యొక రైతు, కోచింగులో చేరిన కుమారునికొరకు నోట్లు లెక్కించుచుండెను. తాను రెండు వస్తువులు కొనుచున్నానని ఆయన యెరుగడు. ఎరిగించినవా రెవరు?

నాకు విండోస్ యెడల గల యనిష్టము వట్టి పంతము కాదు. గృహోపయోగపు ప్రతిని నెలకొల్పునపుడు ఇంటర్నెటును, కంపెనీవారి ఖాతాయును కావలెనందురు. మన సొమ్ముతో కొనిన తెరపై వారి సరకుల ప్రకటనలు కానవచ్చును. 2024 మే నెలలో, తెరపై కనబడుదానిని కొన్ని క్షణముల కొకసారి చిత్రించి దాచునట్టి ‘రీకాల్’ అను సదుపాయమును ప్రకటించిరి. భద్రతానిపుణులు ఆక్షేపింపగా ఆపి, 2025 ఏప్రిలులో ఇష్టపడినవారికే యని, కొన్ని క్రొత్త తరహా యంత్రములకే విడుదల చేసిరి. ఇష్టపడినవారికే యన్న మాట మంచిదే. కాని ఆక్షేపణ లేకున్న నెట్లుండెడిదో యోచింపవలదా? కక్షిదారుడు న్యాయవాదితో చెప్పుకొన్న రహస్యమును 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియము 132వ సెక్షను కాపాడుచున్నది. ఆ రహస్యముండు పెట్టె తాళపుచెవి పరులయొద్ద నుండుట నాకు సమ్మతము కాదు.

యంత్రముతో ఆపరేటింగ్ సిస్టమును ముడివేసి అమ్ముట న్యాయమా? 2014లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానము, అక్కరలేని సిస్టము వెల తిరిగి పొందు హక్కు కొనుగోలుదారునికి కలదని తీర్పుచెప్పినది. 2016లో ఐరోపా సమాజ న్యాయస్థానము అట్టి యమ్మకము దానంతట నదియే అక్రమము కాదనియు, ప్రతి ప్రోగ్రాము ధరను విడిగా తెలుపకుండుట మోసము కాదనియు నిర్ణయించెను. ఈ రెండవది నా వాదమునకు ప్రతికూలము. దానిని దాచుట న్యాయవాదికి ధర్మము కాదు. మన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, ఒక వస్తువు కావలెనన్న మరియొకటియు కొనితీరవలెననుటను ‘నిర్బంధ వ్యాపార పద్ధతి’ నిర్వచనములో చేర్చినది. అది లాప్‌టాపునకు వర్తించునా యనునది వాదింపదగిన ప్రశ్న. కాని న్యాయస్థానములవరకు పోకముందే బజారులో చేయదగిన పని కలదు.

మార్గాంతరము లేదనువారు పొరబడుచున్నారు. 1991లో ఫిన్లండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ నేడు లోకమెల్ల వ్యాపించినది. మన సుప్రీంకోర్టు ఇ-కమిటీవారు న్యాయాధికారుల లాప్‌టాపులలో ఉబుంటును ప్రవేశపెట్టిరి. తీర్పు చెప్పువారికి చాలినది వాదించువారికి చాలదా? కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే చదువుచున్నారు. మన హైదరాబాదుననే ‘స్వేచ్ఛ’ సంస్థవారు తెలుగు ఆపరేటింగ్ సిస్టమును సిద్ధపరచిరి.

చిక్కులు లేవని నే ననను. టాలీ నేర్చి గుమాస్తా పని కోరు యువకునికి విండోస్ తప్పదు. డిజిటల్ సంతకపు టోకెన్లు కొన్ని లినక్స్‌తో మొండికేయును. అన్నిటికంటె పెద్ద సంకెల మన చేజేతుల వేసికొన్నది: అను ఫాంట్లతో కూర్చిన తెలుగు దస్తావేజు వేరొక యంత్రమున తెరచిన అర్థములేని గీతలగును. యూనికోడున వ్రాసిన తెలుగు ఎచ్చటనైనను తెలుగే. మనము వ్రాయు లిపిని మార్చినగాని సిస్టమును మార్చుట సాధ్యము కాదు.

కాబట్టి కొనువారికి నా మనవి యిది. అంగడికి పోకముందు మీరు నిజముగ చేయు పనుల పట్టిక వ్రాయుడు. పాత యంత్రమును పారవేయకముందు పెన్‌డ్రైవునుండి లినక్స్ నడిపి చూడుడు. వైఫై, ప్రింటరు, టోకెను పనిచేయునో లేదో యొక సాయంకాలమున తేలును. కొనునపుడు సిస్టము లేని యంత్రముగాని, ఉబుంటు గలదిగాని యడుగుడు. లేదన్నచో బిల్లులో రెంటి ధరలు విడిగా కోరుడు. ఒక్కడడిగిన వర్తకుడు నవ్వును, నూరుగురడిగిన తెప్పించును. కోచింగు సంస్థలవారును రెండు విధానములు నేర్పుట విద్యార్థులకు మేలు.

నేనా దినమున కొనకయే తిరిగివచ్చితిని. పాత లాప్‌టాపులో లినక్స్ నెలకొల్పితిని. ఈ వ్యాసము దానిమీదనే వ్రాసితిని. పాత అను దస్తావేజులకై జూనియరు యంత్రమున విండోస్ నుండనిచ్చితిని. ఇది సంపూర్ణ విజయము కాదు. కాని ఆ రైతు మరల అంగడికి వచ్చునాటికి, ధర యడుగుటకు ముందు “దీనిలో నేమున్నది? అది నాకు కావలెనా?” అని యడుగనేర్చిన నదియే చాలును. చదువుకొన్న మనము ముందడిగినగాని ఆయన యడుగడు.