మిషన్ బడిలో తెలుగు బిడ్డ: మైనారిటీ హక్కు బడిదా, బిడ్డదా?

మైలాపూరు తెలుగు ఇళ్లలో పిల్లల చదువు మాట వస్తే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, డాక్టర్ కె.ఎన్. కేసరి పేరు నిలిపిన కేసరి పాఠశాల వంటి మనవాళ్ల బడి. రెండోది, చర్చి వారి ఇంగ్లీషు మీడియం బడి. క్రమశిక్షణ, మంచి ఇంగ్లీషు, ఇంటికి దగ్గర అనే కారణాలతో చాలామంది రెండోదాని వైపే మొగ్గుతున్నారు. "అదీ మైనారిటీ బడే, మనమూ మైనారిటీలమే, మన పిల్లలకు ఇబ్బంది ఉండదులే" అన్న ధీమా కూడా వినిపిస్తుంది. ఆ ధీమాను కాస్త పరిశీలించాలి.

రెండు మైనారిటీలు, రెండు లెక్కలు

రాజ్యాంగం 30వ అధికరణం మత మైనారిటీలకూ, భాషా మైనారిటీలకూ విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. ఎవరు మైనారిటీ అన్నది రాష్ట్రాన్ని బట్టి తేల్చాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ లెక్కన తమిళనాట క్రైస్తవులూ మైనారిటీలే, 2011 జనాభా లెక్కల్లో 42 లక్షలు దాటిన తెలుగువారమూ మైనారిటీలమే.

అయితే ఆ హక్కు సంస్థను నడిపేవారిది. మద్రాసులో ఆంగ్లికన్ బడుల చరిత్ర 1715లో, కోటలోని సెయింట్ మేరీస్ చర్చి నీడన మొదలైన ధర్మబడి దాకా వెళ్తుంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఇక్కడి ఆంగ్లికన్ బడులు సీఎస్ఐ చేతికి వచ్చాయి. మైలాపూరులోని సెయింట్ ఎబ్బాస్ ఆడపిల్లలది. కీల్పాక్‌లోని బెయిన్ మెట్రిక్యులేషన్ పాఠశాలలో ఆడా మగా కలిసి చదువుతారు. ఇవి మత మైనారిటీ సంస్థలు. అక్కడ చేరినంత మాత్రాన తెలుగు బిడ్డకు భాషా మైనారిటీ బడిలో ఉండే వసతులు రావు.

చట్టంలో మనకున్న చోటు

2006 నాటి తమిళం నేర్పే చట్టం ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతికి చేరింది. మొదటి భాగం తమిళం, రెండో భాగం ఇంగ్లీషు, మూడో భాగం మిగతా పాఠాలు. తమిళం గానీ ఇంగ్లీషు గానీ మాతృభాష కాని పిల్లలు నాలుగో భాగంలో తమ భాషను ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. 2014లో ఇచ్చిన ఉత్తర్వుతో సీబీఎస్ఈ వంటి ఇతర బోర్డుల బడులకూ తమిళం తప్పనిసరి అయింది. కాబట్టి బోర్డు మారిస్తే తప్పించుకోవచ్చనే ఆలోచనా పనికిరాదు.

పదో తరగతి తమిళం పరీక్ష నుంచి భాషా మైనారిటీ పిల్లలకు మినహాయింపు కోసం న్యాయపోరాటం జరిగింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరో ఏడాది పొడిగించింది. కానీ ఏడాదికో గండం దాటడం భాషను కాపాడుకోవడం కాదు. తరతరాలుగా ఇక్కడే ఉన్న మన పిల్లలకు తమిళం రావాలి, దానికి మేము వ్యతిరేకం కాము. మా దిగులు నాలుగో భాగం గురించి. చట్టంలో ఉన్నా, అడిగేవాళ్లు లేకపోతే ఏ బడీ తెలుగు పంతులమ్మను పెట్టదు.

ముందున్న మలుపు

25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్న విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. అందుకే పేద తెలుగు కుటుంబం మిషన్ బడిలో ఆ కోటా కింద సీటు అడగలేదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వ్యక్తం చేసి, విస్తృత ధర్మాసనం చూడాలని కోరింది. తీర్పు మారితే మిషన్ బడులతో పాటు తెలుగు మైనారిటీ బడులూ ఆ పరిధిలోకి రావచ్చు. ఒకవైపు పేద పిల్లలకు తలుపు తెరుచుకుంటుంది, మరోవైపు మన బడుల ప్రవేశాలపై మన పట్టు తగ్గుతుంది. రెండింటికీ మన సంఘాలు ఇప్పటినుంచే సిద్ధపడాలి.

చర్చి బడికి తెలుగు పరాయిది కాదు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య తిరునల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లోనే పనిచేశారు. ఆయన సంప్రదాయానికి వారసులైన బడులను తెలుగు తరగతి అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

దరఖాస్తులో మాతృభాష గడి దగ్గర 'తెలుగు' అని రాయండి. సౌకర్యం కోసం 'తమిళం' అని రాస్తే, లెక్కల్లో మన బిడ్డ తెలుగు బిడ్డ కాకుండా పోతుంది. ఒకే బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులు నలుగురు కలిసి, నాలుగో భాగం కింద తెలుగు కావాలని రాతపూర్వకంగా కోరండి. ఒక్కరు అడిగితే విన్నపం, పాతికమంది అడిగితే తరగతి.