విశ్రాంతి ఎవరిది?

విశ్రాంతి అనే మాటను మన పత్రికలు ఆదివారం అనుబంధాల వాళ్ళకు వదిలేశాయి. కూలిరేట్ల మీద మనం రాస్తాం, కౌలు మీద రాస్తాం, పనిగంటల మీద రాస్తాం. పని ఆగిన తరువాత మనిషికేమి కావాలన్న ప్రశ్న రాగానే కలం పక్కన పెడతాం. మనం వదిలేసిన చోట వ్యాపారి దుకాణం తెరిచాడు. "పచ్చని తోటలో రెండు రోజులు అన్నీ మరిచిపోండి" అంటాడు. ఏమి మరిచిపోవాలి? ఎవరిని మరిచిపోవాలి? ఆ సంగతి వ్యాపారి చెప్పడు. మనం చెప్పాలి.

ద్రాక్షతోటల మధ్య విడిది గృహాలు కట్టి అద్దెకివ్వడం ఐరోపాలో పాత వ్యాపారం. నాసిక్ చుట్టుపక్కలకు కూడా అది వచ్చి చాలాకాలమైనది. కోనసీమ ద్రాక్ష పండే నేల కాదు కనుక ఇక్కడ ఆ పాత్ర కొబ్బరితోటకు దక్కింది. దిండి దగ్గర వశిష్ఠ ఒడ్డున పర్యాటక శాఖ వారి విడిది, హౌస్‌బోట్లు వెలిసిన తరువాత ప్రైవేటు తోటల్లోనూ గదులు లేస్తున్నాయి. "ఆంధ్రా కేరళ" అని బిరుదు కూడా తగిలించారు. సొంత పేరుతో పిలిపించుకునే యోగ్యత ఈ నేలకు లేదన్నమాట!

నేను ఆలమూరులో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మా వూరు గౌతమికి ఎడమగట్టు వైపున వున్నది. జొన్నాడ వంతెన దాటితే రావులపాలెం, అక్కణ్ణుంచి అసలు కోనసీమ. 2022లో కొత్త జిల్లా ఏర్పడ్డప్పుడు మేమూ కోనసీమలో చేరాం గనక బిరుదులో మాకూ వాటా వచ్చింది. ఈమధ్య మన మిత్రులు కొందరు వచ్చే అధ్యయన శిబిరాన్ని ఒక తోటలోని విడిదిలో పెడదామన్నారు. "ప్రశాంతంగా వుంటుంది, చర్చలు బాగా సాగుతాయి" అన్నారు. నేను వ్యతిరేకించాను. సమావేశంలో నాకు పది నిమిషాలే దొరికాయి. మిగిలిన మాటలు ఇక్కడ చెబుతాను.

మొదటిది ఆ "ప్రకృతి ఒడి" అన్న మాట. కోనసీమ పచ్చదనం ప్రకృతి ఉచితంగా ఇచ్చినది కాదు. 1833 నాటి కరువులో గోదావరి పక్కనే జనం తిండి లేక చచ్చారు. నది అప్పుడూ వున్నది, కాలువ లేదు. 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కింద తవ్విన కాలువలు ఈ పచ్చదనానికి తల్లివేరు. కాటన్ దొర పేరు మనకు తెలుసు, విగ్రహాలు కూడా వున్నాయి. రాళ్ళు మోసిన కూలీలకు, మన్ను తవ్విన వడ్డెరలకు విగ్రహం లేదు. ఏటేటా కాలువలో పూడిక తీసి, గట్లు కట్టి, లంకల్లో వరద పోయిన తరువాత ఇసుక మేటలు ఎత్తిపోసి ఆ పచ్చదనాన్ని నిలబెడుతున్న చేతులున్నాయి. ఆ చేతులను చెరిపేసి మిగిలిన దానికి ప్రకృతి అని పేరు పెట్టడం సౌందర్యదృష్టి కాదు, లెక్క ఎగ్గొట్టడం.

రెండవది ఆ "ప్రశాంతత". 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర చమురుబావి పేలి అరవై రోజులకు పైగా మండింది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు; లక్షలాది కొబ్బరిచెట్లు కూలాయి. నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అన్నాళ్ళు ఆ కుటుంబాలు ఏమి తిన్నాయో ఏ యాత్రావ్యాసమూ అడగలేదు. 2011లో గిట్టుబాటు లేక రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించింది ఈ సీమలోనే. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు గొట్టం పగిలి నిద్రలో వున్నవాళ్ళు కాలిపోయారు. ఇది ప్రశాంతమైన నేల కాదు. ప్రశాంతంగా కనిపించే చోట గది కట్టారు, అంతే.

మూడవది, అసలైనది, తోట విడిదిగా మారే పద్ధతి. కొబ్బరి నీడలో అరటి, కంద, పసుపు, కోకో వేస్తారు. ఆ అంతర పంట చాలాచోట్ల కౌలుదారుడు చేస్తాడు. కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందానికి గుర్తింపు కార్డు ఇస్తానన్నది; కానీ కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందేమోనని కౌలుదారుడి భయం. కాబట్టి తోటలో గదులు కట్టదలచినప్పుడు ఎవరినీ వెళ్ళగొట్టనక్కర లేదు. కోర్టు అక్కర లేదు, పోలీసు అక్కర లేదు. "ఈ ఏడు వద్దులే" అంటే చాలు. కాగితం మీద ఎన్నడూ లేని మనిషి నేల మీద కూడా లేకుండా పోతాడు.

శిబిరం కోసం చూడవచ్చిన ఆ విడిదికి నేనూ వెళ్ళాను. చెట్ల మధ్య గదులు, ఊయలలు, ఈతకొలను. ఆకులు ఊడుస్తున్న ఆవిడ నన్ను గుర్తుపట్టి పలకరించింది. వాళ్ళబ్బాయి మా బడిలో చదివాడు.

"వారానికి సెలవెప్పుడమ్మా?" అన్నాను.

"సెలవేటండి మాస్టారూ! శని ఆదివారాలే గదండీ జనం వచ్చేది. రాని రోజుకి కూలి లేదండి." కాసేపాగి తనే అన్నది: "ఈ తోటేనండి మేం కౌలుకి చేసింది. అరిటి, కంద ఏసేవోళ్ళం."

ఒక రాత్రికి మాకు చెప్పిన గది అద్దె ఆమె పదిరోజుల కూలి.

దీనికి మన మిత్రులు చెప్పే సమాధానం నాకు తెలుసు: "ఉపాధి కల్పించారు గదా!" నిజమే, కల్పించారు. పంటలో వాటా వున్న మనిషిని అదే నేల మీద చీపురు పట్టే మనిషిని చేసి, దానికి ఉపాధి అని పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త పర్యాటక విధానంలో ఈ వ్యాపారానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. హోదాతో యజమానికి రాయితీలు వస్తాయి. మరి పరిశ్రమ అయినప్పుడు కార్మికుడికి రావలసిన వారపు సెలవు, జీతంతో కూడిన సెలవు ఈ తోటలోకి ఎందుకు రాలేదు? పైగా 2025లో అదే ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజు పనివేళల పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని నిర్ణయించింది. ఒక చేత్తో విశ్రాంతిని అమ్మేవాడికి రాయితీ, మరో చేత్తో పనిచేసేవాడి విశ్రాంతిలో కోత! రెండూ ఒకే విధానమని గుర్తించడానికి పెద్ద సిద్ధాంతం అక్కర లేదు.

ద్రాక్షతోటల సంగతే చూడండి. దక్షిణాఫ్రికా పశ్చిమ కేప్ ప్రాంతం ద్రాక్షతోటలకు, వాటిలోని అందమైన విడుదులకు ప్రసిద్ధి. ఆ తోటల్లోనే తరతరాలుగా కూలిలో కొంత భాగాన్ని సారాయి రూపంలో ఇచ్చేవారు. "డాప్" అని దానికి పేరు. చట్టం నిషేధించిన తరువాత కూడా అది చాలాకాలం పోలేదు. 2012 నవంబరులో డి డోర్న్స్ ద్రాక్షతోటల కూలీలు సమ్మె కట్టారు. అప్పుడు కనీస కూలి రోజుకు 69 ర్యాండ్లు. పోరాడి 2013లో దానిని 105 చేయించుకున్నారు. పర్యాటకులు సమ్మెకు ముందూ అదే తోటను చూశారు, సమ్మె తరువాతా అదే తోటను చూశారు. తోట అందం మారలేదు. అందం వెనకనున్న లెక్క మారింది. మార్చింది చూడవచ్చినవాళ్ళు కాదు.

అయితే అలసినవాడు హాయిగా కూర్చోవడం నేరమా అని అడగవచ్చు. కాదు. విశ్రాంతిని ఈసడించుకునే సన్యాసధోరణి మనది కానే కాదు. మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ 1880లోనే సోమరితనపు హక్కు మీద ఒక పుస్తకం రాశాడు. పనిని పూజించడం కార్మికవర్గానికి పట్టిన జబ్బు అన్నాడు. 1936లో ఫ్రెంచి కార్మికులు ఫ్యాక్టరీలు ఆక్రమించి సమ్మె చేసి, ఏటా రెండు వారాల జీతపు సెలవు సాధించారు. సముద్రాన్ని మొదటిసారి ఆ వేసవిలోనే చూసినవాళ్ళు వున్నారు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతపు సెలవు రాసింది. ఇదంతా దానంగా రాలేదు. కొబ్బరి దింపు కార్మికుడికి, వరినాట్ల కూలిమనిషికి, ఇంటిపనికి కువైట్ వెళ్ళి పరాయి ఇంటికి విశ్రాంతి సమకూర్చే మన కోనసీమ ఆడబిడ్డకు ఆచరణలో ఇప్పటికీ సరిగా అందలేదు. నా తగాదా విశ్రాంతితో కాదు. విశ్రాంతి హక్కు కాకుండా సరుకుగా మారడంతో.

ఇక సాహిత్యం. కొబ్బరాకు మీద వెన్నెల గురించి రాయవద్దని నేననను. వెన్నెల ఎవడి సొత్తూ కాదు. కానీ ఆ చెట్టెక్కే మనిషి నడుముకు కట్టుకున్న తాడు కూడా అదే వెన్నెలలో కనిపిస్తుంది గదా? చెట్టు కనిపించి మనిషి కనిపించకపోతే, ఆ కన్ను గది అద్దె చెల్లించినవాడి కన్ను. రచయిత తన ఇష్టంతో చూస్తున్నాననుకుంటాడు. నిజానికి అతని చేత చూపించదలచుకున్నదే చూపిస్తారు. విడిదిలో కిటికీ ఎటు పెట్టాలో నిర్ణయించేది యజమాని.

కనుక మిత్రులకు నా ప్రతిపాదన ఇది. శిబిరం వేసవి సెలవుల్లో బడిలో పెట్టుకుందాం. వంట మనమే చేసుకుందాం, ఊడ్చుకోవడం కూడా మనమే. చర్చాంశాల్లో ఒక పూట ఈ జిల్లాలో విడుదులుగా మారిన తోటలకు కేటాయిద్దాం: ఏ తోటలో ఎవరు కౌలు చేసేవారు, ఇప్పుడెక్కడున్నారు, పనివాళ్ళకు వారపు సెలవున్నదా, దింపు కార్మికులకు ప్రమాద బీమా కట్టినవాళ్ళెందరు? విద్యార్థులు ఇద్దరిద్దరు చొప్పున ఊళ్ళకు వెళ్ళి అడిగి రాసుకు రావాలి. యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా కౌలుదారుకు కార్డు ఇవ్వాలనీ, విడుదుల్లో పనిచేసేవారికి జీతంతో కూడిన వారపు సెలవు వుండాలనీ ఆ నివేదిక మీద తీర్మానం చేయాలి.

ఆ పని ముగిసిన సాయంత్రం జొన్నాడ రేవులో కూర్చుని గౌతమి గాలి పీల్చుకుందాం. దానికి ఎవరికీ అద్దె కట్టనక్కర లేదు, ఇప్పటికి.