కంప్యూటరు మీద నేరం మోపేముందు

"అయ్యా, వీడికి మీరే గట్టిగా చెప్పాల. బడి నించి రావడం, ఆ కంప్యూటరు ముందర కూర్చోవడం! రేత్రి పన్నెండైనా లేవడు. ఇప్పుడేమో తలకాయ నొప్పంటా ఉండాడు. నొప్పి రాకేం చేస్తది?"

రెండేళ్ళ కిందట ఒక తల్లి తన పద్నాలుగేళ్ళ కొడుకును నా బల్ల ముందు నిలబెట్టి అన్న మాటలివి. వాళ్ళది వరికుంటపాడు దగ్గర పల్లె. తండ్రి నెల్లూరులో ఎవరో వాడి అమ్మేసిన కంప్యూటరు ఒకటి తక్కువ ధరకు కొనిపెట్టాడు. అది వచ్చినప్పటినుంచీ పిల్లవాడికి వేరే లోకం లేదు. ఆటలాడతాడు, సినిమాలు చూస్తాడు, పాటలు వింటాడు, ఊళ్ళో తిరునాళ్ళ వీడియోలు కత్తిరించి అతుకుతాడు. పెట్టె విప్పి దుమ్ము దులిపి మళ్ళీ బిగిస్తాడు.

ఆ రోజు ఓ.పి.లో జనం ఎక్కువగా ఉన్నారు. నేను పిల్లవాడి కళ్ళయినా చూడకుండా, "కంప్యూటరు కట్టిపెట్టు అబ్బయ్యా, తలనొప్పి దానంతట అదే పోతుంది" అని నాలుగు మాత్రలు రాసి పంపించాను. తల్లి సంతోషించింది. వాడు తలవంచుకుని వెళ్ళిపోయాడు.

ఏడాది తర్వాత వాడే మోకాలు చీరుకుని వచ్చాడు. సందెవేళ సైకిలు మీద వస్తూంటే దారికి అడ్డంగా నిలబడ్డ బర్రె కనపడలేదట! కుట్లు వేయడం పూర్తయ్యాక అనుమానం వచ్చి, గోడమీది అక్షరాల పట్టిక చదవమన్నాను. పైనున్న పెద్ద అక్షరం దాటి ఒక్కటీ చదవలేకపోయాడు. తర్వాత పరీక్ష చేయిస్తే రెండు కళ్ళకూ మైనస్ రెండున్నర తేలింది. ఎనిమిదో తరగతి నుంచే నల్లబల్ల కనబడడం లేదట. పక్కవాడి పుస్తకం చూసి రాసుకుంటున్నాడట.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్తే కంప్యూటరు తీసేస్తారని భయం సార్. మీరు గూడా అదే అన్నారు గదా" అన్నాడు.

పాఠకులారా, ఆ తప్పు పిల్లవాడిది కాదు, నాది. ఏ బాధ చెప్పుకున్నా కంప్యూటరు మీదే నేరం మోపుతారని తెలిస్తే పిల్లలు బాధ చెప్పడం మానేస్తారు. అందుకే ఈ వారం కంప్యూటరు వల్ల నిజంగా వచ్చే బాధలేవో, దానికి మనం అంటగట్టే బాధలేవో విడివిడిగా చెప్పదలచుకున్నాను.

కళ్ళు పాడవుతాయా?

"తెరలోంచి వచ్చే కిరణాలకు కళ్ళు పోతాయి" అని చాలామంది భయం. కంప్యూటరు తెర వెలుగు కంటిని కాల్చేటంత తీవ్రమైనది కాదు. ఆరుబయట పగటి వెలుతురు దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నీలి కాంతిని ఆపుతాయంటూ అమ్మే కళ్ళద్దాల సంగతి కూడా చెప్పాలి. 2023లో కాక్రేన్ సంస్థవారు 17 పరిశోధనలను కలిపి పరిశీలించారు. మామూలు అద్దాలతో పోలిస్తే అవి కంటి అలసటను తగ్గిస్తాయనడానికి తగిన ఆధారం కనబడలేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకబారడం, కనుగుడ్డు ఉండవలసిన దానికంటే పొడవు పెరగడంవల్ల వస్తుంది. తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. గంటల తరబడి దగ్గరి వస్తువునే చూడడం, పగటి వెలుతురులో తిరగకపోవడం కూడా దీనికి దోహదం చేస్తాయి. దగ్గరి వస్తువంటే కంప్యూటరే కానక్కరలేదు, పాఠ్యపుస్తకమైనా, సెల్‌ఫోనైనా అంతే. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో కొన్ని బడుల్లో పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మూడేళ్ళలో మామూలు బడుల్లో నూటికి దాదాపు 40 మందికి కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, ఆరుబయట తిరిగిన పిల్లల్లో అది 30 మందికే వచ్చింది. మందు లేదు, ఖర్చు లేదు. ఎండ చల్లబడ్డాక కాసేపు ఆడుకోనిస్తే చాలు.

ఒకసారి వచ్చిన హ్రస్వదృష్టి కంప్యూటరు మానేసినంత మాత్రాన పోదు. కళ్ళజోడు పెట్టుకోవలసిందే. "అద్దాలు అలవాటు చేస్తే సైటు పెరుగుతుంది" అన్నది వట్టి అపోహ. "ఆడపిల్లకు కళ్ళజోడేమిటి, రేపు పెళ్ళెలా అవుతుంది" అని చూపు సరిగా లేని పిల్లను అలాగే బడికి పంపడం అంతకంటే అన్యాయం. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద బడిపిల్లలకు ఉచితంగా కళ్ళజోళ్ళు ఇచ్చే ఏర్పాటు ఉంది. మీ దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో అడగండి.

ఇంట్లోనే చిన్న పరీక్ష చేయవచ్చు. గోడకు కాలెండరు తగిలించి, 20 అడుగుల దూరంలో పిల్లవాణ్ణి నిలబెట్టి, ఒక కన్ను అరచేత్తో నొక్కకుండా మూసి పెద్ద అంకెలు చదివించండి. తర్వాత రెండో కన్ను. మీకు కనబడేది వాడికి కనబడకపోయినా, చదవడానికి కళ్ళు చికిలించినా కంటి వైద్యుడికి చూపించండి.

ఇక కళ్ళ మంట, ఎరుపు, ఇసుక పడ్డట్టుండడం - ఇవి మాత్రం తెరవల్లే. మామూలుగా మనం నిమిషానికి 15, 20 సార్లు రెప్ప వేస్తాం. తెరను తదేకంగా చూస్తున్నప్పుడు అందులో సగం కూడా వేయం. కన్నీటి పొర ఆరిపోతుంది. మన నెల్లూరు ఎండల్లో ఫ్యాను సూటిగా ముఖానికి తగిలేలా పెట్టుకుని కూర్చుంటే మరీ త్వరగా ఆరుతుంది. ఫ్యానును పక్కకు తిప్పండి. తెర మూరకు పైగా దూరంలో, కళ్ళకు కొద్దిగా దిగువన ఉండాలి. ప్రతి 20 నిమిషాలకూ ఒకసారి 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడండి. మెడికల్ షాపువాడు ఇచ్చే చుక్కల మందులు సొంతంగా వాడకండి. వాటిలో స్టిరాయిడ్ ఉంటే, ఎక్కువకాలం వాడినప్పుడు గ్లాకోమా, శుక్లాలు రావచ్చు.

మెడనొప్పి: ఒక హెచ్చరిక

మంచం మీద పడుకుని సినిమాలు చూసేవారికీ, ఎత్తు కుదరని కుర్చీలో ఆటలాడేవారికీ మెడ, భుజాలు, మణికట్టు నొప్పులు సహజం. నడుముకు ఆనుడు ఉండాలి. పాదాలు నేలకు ఆనాలి, లేకుంటే కింద పీట వేసుకోవాలి. మోచేతులు బల్ల ఎత్తుకు రావాలి. ఇంతమాత్రంతో చాలా నొప్పులు తగ్గుతాయి.

కాని మన పశ్చిమ నెల్లూరువారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉన్నట్టు షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ 1937లోనే ప్రకటించారు. అందుచేత ఇక్కడ మెడ బిగుసుకుపోవడానికి కంప్యూటరు ఒక్కటే కారణమనుకోరాదు. ముఖ్యంగా ముప్పై దాటినవారి విషయంలో జాగ్రత్త పడాలి.

మూడు పరీక్షలు చేసుకోండి. నోరు మూసుకుని గడ్డాన్ని రొమ్ముకు ఆనించగలరా? రెండు చేతులూ తల వెనక పెట్టుకోగలరా? మోకాళ్ళు వంచకుండా కింద పడ్డ నాణెం తీయగలరా? ఇవి చేతగాకపోతే, పళ్ళమీద గోధుమరంగు గార కూడా ఉంటే నొప్పి మాత్రలతో కాలం గడపక వైద్యుణ్ణి కలవండి. తాగేనీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిది, 1.5 దాటరాదు. నీళ్ళు కాచితే ఫ్లోరైడు పోదు, ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది కూడా.

కదలకుండా కూర్చుంటే

2003లో న్యూజిలాండ్ వైద్యులు ఒక విచిత్రమైన కేసును ప్రచురించారు. 32 ఏళ్ళ మనిషి. రోజుకు 12 గంటలు, ఒక్కొక్కప్పుడు 18 గంటలు కంప్యూటరు ముందు కూర్చునేవాడు. కాలి నరాల్లో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణంమీదికి వచ్చింది. ఇది అరుదే. అయినా గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడానికి ఇంతకంటే వేరే కారణం అక్కరలేదు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్ల విషయం కూడా మరవరాదు. ధ్వని సగానికి కాస్త పైన మించకుండా చూసుకోండి. పక్కన కూర్చున్నవారికి మీ పాట వినబడుతున్నదంటే అది ఎక్కువైనట్టే. లోపలి చెవిలోని సున్నితమైన కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు.

దొంగిలించేది నిద్రను

వీటన్నిటికంటే పెద్ద నష్టం నిద్రది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెర వెలుగు మెదడులో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ ఊరడాన్ని వెనక్కు నెడుతుంది. ఆటలోని ఉద్వేగం మనసును మేలుకొలుపుతుంది. నేను చెప్పిన పిల్లవాడి తలనొప్పిలో కొంత కళ్ళు చికిలించి చూడడంవల్లనైతే, కొంత ఈ నిద్రలేమివల్లనే. పడుకునే ముందు గంటసేపు తెర కట్టేయడం మంచి నియమం. అది పెద్దలకూ వర్తిస్తుంది. తండ్రి మంచంమీద సెల్‌ఫోను చూస్తూ, కొడుకును కంప్యూటరు ఆపమంటే వాడు వినడు.

సరదా ఎప్పుడు జబ్బవుతుంది?

ఎన్ని గంటలు ఆడితే జబ్బు అన్నది లెక్క కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల పట్టికలో ఆటల వ్యసనాన్ని చేర్చి, మూడు లక్షణాలు చెప్పింది. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం ఒకటి. తిండి, నిద్ర, చదువు, స్నేహితులు అన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం రెండోది. నష్టం కళ్ళెదుట కనబడుతున్నా మానకపోవడం మూడోది. ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉండి, బతుకు దెబ్బతింటున్నప్పుడే దాన్ని జబ్బంటారు. అటువంటప్పుడు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. కొట్టడం, తిట్టడం వైద్యం కాదు.

తక్కినవారిది సరదా. సరదాను చిన్నచూపు చూడకండి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను పెంచినవారు జీతానికి పనిచేసినవారు కారు. తీరిక వేళల్లో కంప్యూటరు ముందు కూర్చుని, తెలిసిన నాలుగు సంగతులు ఇష్టంతో రాసినవారే. మీ ఇంట్లో పెట్టె విప్పి బిగించే కుర్రవాడికి రేపు అదే అన్నం పెట్టవచ్చు.

కనుక తల్లిదండ్రులకు నా సలహా ఇది. కంప్యూటరును దాచేయకండి, నలుగురూ తిరిగే గదిలో పెట్టండి. వేళలు మీరొక్కరే విధించక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఇద్దరూ కలిసి నిర్ణయించండి. సాయంకాలం ఆట, రాత్రి నిద్ర, ఇంటిల్లిపాదితో భోజనం - ఈ మూడింటి జోలికి రాకపోతే తక్కిన సమయంలో వాడి సరదా వాడిది. అన్నిటికంటే ముఖ్యంగా, "ఏ నొప్పి ఉన్నా చెప్పు, చెప్పినందుకు కంప్యూటరు తీసేయం" అని మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

ఆ కుర్రవాడికి కళ్ళజోడు వచ్చింది. కిందటి నెల కుట్ల మచ్చ చూపించే నెపంతో వచ్చి, "బస్సు బోర్డు దూరాన్నించే కనపడతా ఉంది సార్. ఇంతకుముందు అది ఉదయగిరి బస్సా, పామూరు బస్సా అని పక్కనోళ్ళను అడిగేవాణ్ణి" అన్నాడు.

కంప్యూటరు ఉందా అని అడిగాను. ఉందన్నాడు. రాత్రి పదింటికి కట్టేస్తున్నాడట. వాళ్ళమ్మ పక్కనే ఉండి, "పదింబావు సార్!" అని దిద్దింది. పావుగంటకేం పరవాలేదని నేనూ ఒప్పుకున్నాను.